కోటకొమ్మ అతుకు

భూలక్ష్మి గడప మీద నుంచి లేవలేదు.

పొద్దున ఆరింటికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎనిమిది దాటింది. లోపలికి రమ్మని వదిన కళావతి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. పక్కన పెట్టిన చాయ గ్లాసులో మీగడ కట్టి ముడతలు పడింది.

గోవర్ధన్ లోపలే ఉన్నాడు. వనపర్తిలో టింకరింగ్ షెడ్డు పెట్టిన పదకొండేళ్లలో ఈ వేళకు ఆయన ఇంట్లో ఉన్న రోజు లేదు. ఇవాళ ఉన్నాడు. బయటికి పోవాలంటే చెల్లెల్ని దాటిపోవాలి.

దాటడానికి కాళ్లు రాలేదు.

మూడు రోజుల కింద గోపాల్‌పేట రోడ్డులో, కల్వర్టు దగ్గర బాలకిష్టయ్య నడుపుతున్న టాక్సీ అంబాసిడరు రెండు ముక్కలైంది. వెనక సీట్లో కూర్చున్న తిరుపతయ్య అనే రైతు అక్కడికక్కడే పోయాడు. కంటి డాక్టరుకు చూపించుకుందామని గోపాల్‌పేట నుంచి వనపర్తికి బయల్దేరిన మనిషి. పక్కన కూర్చున్న ఆయన భార్య అలివేలమ్మకు చెయ్యి విరిగింది. బాలకిష్టయ్యకు మెడ కింది ఎముక, మూడు పక్కటెముకలు.

ఠాణాలో కేసు రాసుకున్నారు. డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి కల్వర్టుకు గుద్దినాడని. ఆ కాగితానికి ఇంకొక్క సంతకమే తక్కువ. ఇవాళ పన్నెండింటికి బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బండిలో ఏ లోపమూ లేదని రాస్తే చాలు, లోపమంతా బాలకిష్టయ్యదే అవుతుంది.

బాలకిష్టయ్య భూలక్ష్మి మొగుడు. ఆ బండి తయారు చేసి ఇచ్చినవాడు గోవర్ధన్.

"అన్నా, నిన్న నేను ఠాణా కాడికి పోయిన," అంది భూలక్ష్మి. రెండు గంటల్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

గోవర్ధన్ గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

బండిలో ఉండిపోయిన టిఫిను డబ్బా తెచ్చుకుందామని పోయిందట. జవాను పోనిచ్చాడట. ఠాణా వెనక ముళ్లకంపల్లో ముందు సగం ఒకచోట, వెనక సగం ఒకచోట పడేసి ఉన్నాయట. గుద్దుకుంటే బండి నుజ్జవుతుందని తనకూ తెలుసు, నడుమకు ఎట్లా తెగిందో తెలియక వంగి చూశానని చెప్పింది.

"రేకు అడ్డదిడ్డంగ చిరగలే అన్నా. కోటకొమ్మ లెక్క తెగింది. వరుసగ. కొమ్మకు కొమ్మ."

పొయ్యి దగ్గర కళావతి చేతిలో గంటె ఆగింది.

గద్వాల చీర కట్టినవాళ్లకు కోటకొమ్మ ఏమిటో చెప్పనక్కర్లేదు. కట్టనివాళ్లకు ఇంత చెబితే చాలు. చీర నడుమంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట కోట గోడ మీది పళ్లలాగా మొనదేలిన కొమ్మలు వరుసగా నిలబడతాయి. నూలులోకి పట్టు, పట్టులోకి నూలు. పోగుకు పోగు మెలేసి మగ్గం మీదనే కలుపుతారు. చీర చిరిగి పేలికలైనా ఆ అతుకు విడదు. గోవర్ధన్ తండ్రి తుకారాం చేతి అతుకును గద్వాల సావుకార్లు కూడా తక్కువ చేసి మాట్లాడేవారు కాదు. మజూరీ మాత్రం తక్కువే ఇచ్చేవారు.

ఆ మజూరీకి విసిగే గోవర్ధన్ మగ్గం దిగాడు. ఆరో తరగతి పుస్తకాలు అటక మీద పడేసి ఎక్కిన మగ్గాన్ని ఇరవై ఎనిమిదో ఏట దిగి వనపర్తికి వచ్చాడు. మగ్గం పోయింది గాని చేతిలో కోటకొమ్మ పోలేదు. నూలు లేకపోతే రేకు మీద నేశాడు.

ఆ పని సంగతి కూడా చెప్పుకోవాలి. బండి గుద్దుకుంటే ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు. బాగుచేయించే ఖర్చు బండి ఖరీదును మించేటట్టుంటే టోటల్ లాస్ అని రాసి, ఓనరుకు ఇచ్చేది ఇచ్చి, ఆ తుక్కును వేలం వేస్తారు. గోవర్ధన్ లాంటివాళ్లు దాన్ని పాడుకుంటారు. తుక్కుతోపాటు బండి రిజిస్ట్రేషను పుస్తకం, సీ బుక్కు కూడా వస్తుంది. ముందు భాగం నుజ్జయిన బండి ఒకటి, వెనక భాగం నుజ్జయిన బండి ఒకటి దొరికాయంటే, బాగున్న సగాన్నీ బాగున్న సగాన్నీ కోసి కలుపుతారు. లప్పం పెట్టి, రంగు కొట్టి, రెండిట్లో ఒకదాని సీ బుక్కు తగిలించి, ఆఫీసులో కొత్త పేరు మీద మళ్లీ రిజిస్టరు చేయిస్తారు. చచ్చిన మనిషిని మళ్లీ రిజిస్టరు చేసే ఆఫీసు ఈ దేశంలో లేదు. చచ్చిన బండికి ఉంది.

తక్కిన షెడ్లవాళ్లు రేకును తిన్నగా కోసి, ఆనించి వెల్డింగు చేసి, కింద ఇనప పట్టీ వేసేవారు. గోవర్ధన్ రెండు సగాలనూ కొమ్మలు కొమ్మలుగా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి వెల్డింగు చేసేవాడు. తిన్నటి గీత ఎప్పటికైనా రంగు కింద బయటపడుతుంది. కొమ్మల అతుకు బయటపడదు. అంతేకాదు, అదే గట్టిదని ఆయన నమ్మకం. నాయన అతుకు ఏనాడూ విడలేదు, నాదెట్లా విడుతుందని.

షెడ్డులో వెల్డింగు చేసే మద్దిలేటి మొదట్లోనే వద్దన్నాడు. బట్ట వంగుతుంది, రేకు వంగదు. రేకు ఎప్పుడైనా మూల దగ్గరే పగులుతుంది. ఎన్ని కొమ్మలుంటే అన్ని మూలలు. కనీసం కింద పట్టీ అన్నా వెయ్యమన్నాడు. పట్టీ వేస్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు వంగినప్పుడు కనిపిస్తుంది. అందుకని గోవర్ధన్ వెయ్యలేదు. మద్దిలేటి ఆ ఏడే పని మానేసి కర్నూలు పోయాడు. సాలె చేతికి మంట ఇస్తే గిట్లనే ఉంటదని పోతూ పోతూ అన్నాడట. గోవర్ధన్ దాన్ని మెప్పు కిందనే వేసుకున్నాడు.

"ఠాణాల చెప్పుమంటలే నిన్ను," అంది భూలక్ష్మి. "కోర్టుల నిలవడుమంటలే. ఆయనకు చెప్పు. దవాఖానల పండుకున్న ఆయనకు. అంతే."

బాలకిష్టయ్య మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. బండి నడుపుతూ కునుకు తీశాననీ, తన కన్ను మూతపడే మనిషి ప్రాణం పోయిందనీ అనుకుంటున్నాడు. జవాను అడిగితే అదే చెప్పాడు. నర్సు అడగకపోయినా చెప్పాడు. పక్క మంచంలో మలేరియాతో పడుకున్నవాడిని లేపి మరీ చెప్పాడు. భూలక్ష్మి పెరుగన్నం కలిపి నోటి దగ్గర పెడితే, చంపిన చేతికి పెట్టే తిండి కాదని ముఖం తిప్పుకున్నాడు.

కళావతి బయటికి వచ్చి తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తుడవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

బాలకిష్టయ్య నోట్లో మాట నిలవదని ఆమె అంది. ఇప్పుడు చెబితే పదకొండింటికల్లా జవానుకు తెలుస్తుంది, పన్నెండింటికి ఇన్‌స్పెక్టరుకు తెలుస్తుంది, సాయంత్రానికి షెడ్డుకు తాళం పడుతుందంది. ఎముకలు విరిగినవాడు రెండు నెలల్లో లేచి నడుస్తాడు, జైలుకు పోయి వచ్చినవాడి దగ్గరికి బండి ఎవడు తెస్తాడంది. ఇదంతా గట్టిగా అనలేదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే తీసి ముందు పెట్టింది.

భూలక్ష్మి జవాబు చెప్పకపోయేసరికి కళావతికి కోపం వచ్చింది.

"కొత్త కారని మురుసుకుంట జమ్ములమ్మ జాతరకు పోయొస్తిరి గద. ఆనాడు అడిగినవా, ఏ రేకుకు ఏ రేకు అతికిండ్రని?"

"అడగలే వదినా. అన్న చేసిండంటే అడుగుతరా ఎవరన్న?"

కళావతి కొంగు వదిలేసింది.

నిన్న మధ్యాహ్నం కాగితాల బ్రోకరు జంగయ్య షెడ్డుకు వచ్చిన సంగతి గోవర్ధన్ ఇంట్లో చెప్పలేదు. ఈ బండి కాగితాలన్నీ నడిపింది జంగయ్యే. ఎనభై మూడు మోడలు సీ బుక్కును బాలకిష్టయ్య పేరుకు మార్పించి, టాక్సీ పర్మిట్టు తెచ్చిందీ అతనే. వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, భయపడకుమన్నాడు. ఎనిమిది నెలల కింద ఈ బండిని పాస్ చేసిన ఆఫీసరే రేపు చూడటానికి వస్తున్నాడట. తను సంతకం పెట్టిన బండిలో లోపం ఉందని తనే ఎట్లా రాసుకుంటాడు? బ్రేకు తొక్కుతాడు, స్టీరింగు తిప్పుతాడు, కిందికి వంగడు. నువ్వు ఆ దరిదాపుల్లో కనిపించకుంటే చాలన్నాడు.

అంటే ఇందరికి మేలు జరిగే పనిలో నష్టపోయేది ఒక్క బాలకిష్టయ్యే. ఆయన కూడా తనంతట తానే తప్పు ఒప్పుకుంటున్నాడు కాబట్టి, నష్టపోయాడని కూడా ఎవరూ అనరు.

జంగయ్య మాట విన్నప్పుడు గోవర్ధన్ గుండె మీద బరువు దిగింది. దిగిందని తెలిసినందుకే మూడు ముద్దలు కూడా మింగలేకపోయాడు.

"చెప్పినంక ఏమైతది?" అని అడిగాడు ఇప్పుడు. చెల్లెలి వైపు చూడకుండానే.

"అన్నం తింటడు," అంది భూలక్ష్మి.

అన్నకు జైలని గాని, మొగుడికి విడుదలని గాని అనలేదు. పొద్దున ఆరింటి నుంచి కూర్చున్నది ఆ ఒక్క ముద్ద కోసం.

కళావతి తలుపు చెక్క వెంబడే జారి నేల మీద కూర్చుంది. వీధిలో ఉల్లిగడ్డలమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు. మళ్లీ తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు.

"ఆ రేకు మీద సుద్దముక్కతోని గీసింది నేను," అంది కళావతి.

భూలక్ష్మి తల తిప్పింది.

పెళ్లికి ముందు గద్వాలలో కళావతి చీరల అంచులకు గీతలు గీసి ఇచ్చేది. ఆమె చేతి గీత కోసం రెండు వీధుల అవతలి నుంచి వచ్చేవారు. వనపర్తికి వచ్చాక ఆ చేతికి ముగ్గు తప్ప పని లేదు. ఆ ఆదివారం షెడ్డులో ఎవరూ లేరు. మన భూలక్ష్మి బండి, గీత వంకర పోవద్దు, నువ్వు రమ్మని గోవర్ధన్ పిలిచాడు. పదేళ్ల తర్వాత తన చేతిని ఎవరో అడిగినందుకు ఆమె సంబరంగా పోయింది.

"ఆయన పెద్దగ గీయుమన్నడు. నేనే చిన్నగ గీసిన. దగ్గర దగ్గర. సక్కగుంటదని." ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది. "లోపల పడేదానికి సక్కదనమెందుకు? ఎవరు చూస్తరు? అయినా గీసిన."

గోవర్ధన్ భార్య వైపు చూశాడు. మూడు రోజులుగా ఆమె తనను కాపాడుతోందని అనుకున్నాడు.

భూలక్ష్మి వదినను చూస్తూ ఉండిపోయింది. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. కాసేపటికి గడప మీద మోకాళ్లు పక్కకు జరుపుకుంది. ఒక మనిషి పట్టేంత దారి.

గోవర్ధన్ చెప్పులు వేసుకునేసరికి పది దాటింది.

దవాఖాన నడిచిపోయేంత దూరమే. ఆ రోజు ఇంకా దగ్గరైనట్టు అనిపించింది. ఎదురొచ్చిన పాన్‌గల్ జీపు డ్రైవరు ఆగి, మీ బావ బండికి అట్లయిందంట గదా అని పరామర్శించాడు. నిద్ర చాలా చెడ్డదన్నాడు. గోవర్ధన్ తల ఊపాడు. ఊపిన తల తనదేనా అనిపించింది.

మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద బాలకిష్టయ్య ఉన్నాడు. ఛాతీ చుట్టూ కట్టు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, ముప్పై ఏడేళ్ల మనిషి యాభై ఏళ్లవాడిలా ఉన్నాడు. గోవర్ధన్‌ను చూసి లేవబోయాడు, నొప్పికి ఆగిపోయాడు.

"వచ్చినవా బావా," అన్నాడు. "నీ బండి ఖరాబు చేసిన."

గోవర్ధన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆ బండిని గోవర్ధన్ ఎంత కష్టపడి చేసి ఇచ్చాడో బాలకిష్టయ్య చెప్పుకుంటూ పోయాడు. అట్లాంటి బండి ఈ చుట్టుపక్కల లేదని పాసింజర్లు అనేవారట. పొద్దున్నే తుడిచి పసుపు కుంకుమ పెట్టేవాడట. సొంత బావ చేతి బండి అని అందరికీ చెప్పేవాడట. దాన్ని ఒక్క కునుకుతో నాశనం చేశానన్నాడు. ఆ రైతు సంగతి వచ్చేసరికి మాట మారిపోయింది. ముసలాయన దారి పొడుగునా ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడట. కల్వర్టు దగ్గర ఏదో అడిగాడట. జవాబు చెప్పేలోపల అంతా అయిపోయిందట.

"కునుకు తీసినవని నీకెట్ల తెలుసు?" అని గోవర్ధన్ అడిగాడు.

"కల పడ్డది బావా. అందుకే తెలుసు." బాలకిష్టయ్య కళ్లు మూసుకున్నాడు. "కాళ్ల సందుల రోడ్డు కనవడ్డది. సీటు కింద రోడ్డు ఉరుకుతున్నది. తెల్లగ గీత గూడ కనవడ్డది. కార్ల కూసున్నోనికి కాళ్ల కింద రోడ్డు యాడ కనవడ్తది? కలనే గద. కల పడ్డదంటే నిద్రపోయిన్నట్టే గద."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగేదాకా గోవర్ధన్ ఆగాడు.

"నువ్వు నిద్రపోలే బావా."

బాలకిష్టయ్య కళ్లు తెరవలేదు.

"నువ్వు చూసింది నిజంగ రోడ్డే. బండి మధ్యల విడింది. ముందు సీటు కింద అతుకు. నేను వేసిందే."

తరవాతిదంతా ఎట్లా చెప్పాడో గోవర్ధన్‌కు గుర్తు లేదు. రెండు బండ్ల సంగతి, కొమ్మల సంగతి, పట్టీ వెయ్యని సంగతి, మద్దిలేటి చెప్పిన సంగతి చెప్పాడు. కళావతి సుద్దముక్క సంగతి చెప్పలేదు. అది తనతోనే ఉండనీ అనుకున్నాడు. విడింది కల్వర్టుకు ముందే అయి ఉంటుంది. ముందు సగం అదుపు తప్పి కల్వర్టుకు తగిలింది. వెనక సగం బోర్లా పడింది. స్టీరింగు పట్టుకున్నవాడి చేతిలో అప్పటికే ఏమీ లేదు.

బాలకిష్టయ్య కొట్టలేడు, చేతులు లేవవు. తిట్టలేదు. కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కంటి మూల నుంచి నీళ్లు చెవిలోకి పోతున్నా తుడుచుకోలేకపోతున్నాడని గోవర్ధన్ చెయ్యి చాపాడు.

"ముట్టకు," అన్నాడు బాలకిష్టయ్య.

గోవర్ధన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మూడు దినాలు బావా. మూడు దినాలు నన్ను నేను చంపుకున్న. నువ్వు ఊళ్లెనే ఉన్నవ్ గద."

"ఉన్న."

"నిన్న కాంపౌండరు కాళ్లు పట్టుకొని ఆడోళ్ల వార్డుకు పోయిన. ఆ తల్లి మంచం కాడ కూసోని, నీ మొగుణ్ని నేనే చంపిన అన్న. నిద్రపోయి చంపిన అన్న." ఆయనకు ఊపిరి అందడం లేదు. "ఆమె ఏమన్నదో ఎరికేనా? నీకు గూడ పిల్లలుంటరు, పో, పోయి ఇంత తిను అన్నది. నా తల మీద చెయ్యి పెట్టింది బావా. విరగని చెయ్యి."

గోవర్ధన్ తల వంచుకున్నాడు.

"నాది కాని తప్పుకు ఆమెతోని మాఫీ అడుక్కున్న. ఆమె ఇచ్చింది. అదిప్పుడు నేనేం చేసుకోవాలె?" బాలకిష్టయ్య గోడ వైపు తిరగడానికి ప్రయత్నించి తిరగలేకపోయాడు. "ఠాణా వద్దు, ఏం వద్దు. పో. పోయి ఆమెకు చెప్పు."

భూలక్ష్మి అడిగింది ఒక్క ముద్ద అన్నం. మొగుడికి నిజం చెబితే తింటాడనుకుంది. మంచం కింద పెరుగన్నం గిన్నె మీద మూత అట్లాగే ఉంది. నిజం చెప్పాక కూడా ఆయన దాని వైపు చూడలేదు.

గోవర్ధన్ లేచాడు. గోడ గడియారం పదకొండుం పావు చూపిస్తోంది.

ఆడవాళ్ల వార్డు వరండా చివర ఉంది. అలివేలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. భుజం నుంచి వేళ్ల దాకా పిండికట్టు. బొట్టు లేని నుదురు ఇంకా ఆ ముఖానికి అలవాటు కాలేదు. శవాన్ని ఊరికి తీసుకుపోయి అదే రోజు కాల్చేశారట. ఆమె చూడలేదు. తోడున్న చెల్లెలు బసవమ్మ మందుల కోసం పోయిందనీ, కూర్చోమనీ ఆమే అంది. ఎవరో ఊరి మనిషి అనుకుంది.

బాలకిష్టయ్య బావమరిదినని గోవర్ధన్ చెప్పాడు.

"తిన్నడా ఆయన?" అని అడిగింది.

లేదని తల ఊపాడు.

పాపం అంది. ఆ పిల్లగాడి తప్పేముంది, పొద్దుమాపు నడిపితే నిద్ర రాదా అంది. ఆపైన తన మొగుడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరైనా వింటే చాలన్నట్టు చెప్పింది. తిరుపతయ్యకు ఒక కంటికి పొర కమ్మిందట. వేరుశనగ పీకుడు అయ్యాక పోదామంటే, ఇప్పుడే పోదాం, మనవడి ముఖం రెండు కళ్లతో చూస్తానన్నాడట.

"బస్సు నిలవడే ఉండె. ఎక్కుదామన్న. ఎక్కలే. ఆ కారు జూడే, ఎట్ల మెరుస్తున్నదో అన్నడు. ఒక్క కంటితోనే చూసిండు. మన బతుకుల ఎప్పుడన్న ఎక్కినమా, ఇయ్యాల ఎక్కుదాం అన్నడు." ఆమె కట్టు మీది దారపు పోగును గోటితో గీకింది. "ఎక్కేటప్పుడు తలుపు మీద చెయ్యేసి నిమిరిండు. ఎద్దును నిమిరినట్టు. ఎవడు చేసిండో గని సక్కగ చేసిండు అన్నడు."

గోవర్ధన్‌కు తిరిగి పోవడానికి తలుపు తెరిచే ఉంది. డ్రైవరు తిన్నాడో లేదో చూసి వస్తానని లేస్తే ఎవరూ ఆపరు. నాలుగు అడుగులు వేస్తే వరండా.

"చేసింది నేనేనమ్మా," అన్నాడు.

ఆమె మొదట అర్థం చేసుకోలేదు. మంచిగా చేసేవాడివని మెచ్చుకున్నట్టే చూసింది. అప్పుడు ఆయన కింద కూర్చున్నాడు. మంచం కోడు దగ్గర, నేల మీద. బావకు చెప్పినదానికన్నా ఎక్కువే చెప్పాడు. ఇనప పట్టీ షెడ్డులోనే ఉండెననీ, చేతిలోకి తీసుకుని కూడా పక్కన పెట్టాననీ చెప్పాడు. ఆఫీసరుకు కనిపిస్తే కాగితం ఆగుతుందని పెట్టానన్నాడు. మీరు మాఫీ చేసిన మనిషి తప్పు చేయలేదన్నాడు. తనను మాఫీ చెయ్యమని మాత్రం అడగలేదు.

అలివేలమ్మ అంతా వింది. ముఖం మారలేదు. శాపనార్థాలు పెడుతుందని చూశాడు. పెడితే బాగుండునని కూడా అనిపించింది. పక్క మంచం మీది బాలింత పాపకు పాలిస్తూ వింటోంది. ఆమె కూడా కదలలేదు.

అలివేలమ్మ అడిగింది.

"గసొంటివి ఇంకెన్ని చేసినవ్?"

గోవర్ధన్ తలెత్తాడు. మూడు రోజులుగా ఠాణా, జైలు, షెడ్డు, బావ ముఖం, చెల్లెలి ముఖం, ఇవే తిరిగాయి తలలో. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు.

"మూడు," అన్నాడు.

"తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయ్."

"ఎవరెక్కుతుండ్రు వాటిల?"

గద్వాలలో సావుకారిదొకటి. ఆయన ఒక్కడే ఎక్కుతాడు. పాన్‌గల్‌లో ఒకటి పెళ్లిళ్లకు కిరాయికి తిరుగుతుంది. మూడోది నాగర్‌కర్నూల్‌లో ఉంది. అదెవరికి అమ్మాడో, అది పొద్దునా సాయంత్రం ఎవరిని ఎక్కించుకుని తిరుగుతుందో గోవర్ధన్‌కు బాగా తెలుసు. తొమ్మిది మందే పడుతున్నారు, జర సీటు పెద్దది చేసి ఇయ్యమని అడిగితే, తనే చేసి ఇచ్చాడు.

"బడి పిల్లలు," అన్నాడు.

అలివేలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఎండ వరండా సగం దాకా వచ్చింది. ఠాణాలో బండి చూడటానికి ఆఫీసరు ఎన్ని గంటలకు వస్తాడని అడిగింది. పన్నెండింటికనీ, ఈ బండిని పాస్ చేసింది ఆయనేననీ, కిందికి వంగి చూడడనీ చెప్పాడు. ఠాణా ఎంత దూరమని అడిగింది. దగ్గరే అన్నాడు.

ఆమె కాళ్లు కిందికి దించింది. చెప్పుల కోసం పాదంతో వెతుక్కుంది. డాక్టరు లేవద్దన్నాడు గదా అని బాలింత అంది. ఆమె విననట్టే ఉంది.

"నువ్వొక్కనివి చెప్తే ఆయన వంగడు," అంది అలివేలమ్మ. "నేను నిలవడ్త. ఎట్ల వంగడో చూస్త. ఆ బడి పిల్లల బండి ఆగాలె."

బాగున్న చెయ్యి ముందుకు చాపింది, పట్టుకుని లేపమని.

బావ ముట్టకన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, గోవర్ధన్ ఆ చెయ్యి వైపు చూస్తూ నేల మీదనే ఉన్నాడు.